కొత్త మీటరుకు సున్నా ఎక్కడ పెట్టారు?

కార్మిక సోదరులారా,

మురుగునీటి గుంటలోకి దిగేవారి కోసం యాజమాన్యం ఎట్టకేలకు గ్యాస్ మీటరు కొన్నది. రెండేళ్ళుగా మనం అడుగుతున్నది ఇదే. కొన్నందుకు సంతోషమే. కాని దానిని మొదటి వాడకానికి సిద్ధం చేసిన తీరు మాత్రం మాకు నచ్చలేదు.

అమ్మినవారి తరపున వచ్చిన మనిషి పెట్టె విప్పి, మీటరు ఆన్ చేసి, గుంట గట్టు మీదనే నిలబడి సున్నా పెట్టేశాడు. అంతా పది నిమిషాల పని. అక్కడి కుళ్ళిన కోడిగుడ్ల కంపు మనందరం ఎరిగినదే. సున్నా పెట్టడమంటే "ఈ గాలిలో విషం లేదు, ఇక్కడినుంచి లెక్క మొదలుపెట్టు" అని మీటరుకు చెప్పడం. ఆ గట్టు మీద 5 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ఆ 5 కాస్తా సున్నా అయి కూర్చుంటుంది. రేపు 15 ఉన్నచోట మీటరు 10 అంటుంది. పడికట్టు చూడకుండా తూచే కొట్టువాడిని మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

ముక్కు ఉందిగదా అని కొందరు పెద్దలన్నారు. 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాలలోనే ముక్కు మొద్దుబారుతుంది. కంపు పోయిందనుకొని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఈ వాయువు గాలికంటే బరువైనది, అడుగునే కాచుకొని ఉంటుంది.

మీటరుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మన కుర్రవాళ్ళచేత చదివించుకున్నాం. ముందు పూర్తిగా ఛార్జి చేయాలి. సెన్సార్లు నిలకడకు వచ్చేదాకా ఆగాలి. గుంటకు దూరంగా, శుభ్రమైన గాలిలో సున్నా పెట్టాలి; అక్కడ ఆక్సిజన్ 20.9 చూపాలి. ఆపైన కొలత తెలిసిన గ్యాసు సిలిండరు తగిలించి, సిలిండరు మీది అంకె మీటరులో వస్తున్నదా అని చూడాలి. ఆ సిలిండరుకూ గడువు తేదీ ఉంటుంది. మనవాళ్ళు అడిగితే, సిలిండరే తేలేదన్నాడు!

ఇంకొక మాట. ఈ మీటరులో క్లోరిన్ సెన్సారు లేదు. బ్లీచింగ్ సెక్షన్‌లో ఇది పలకకపోతే గాలి మంచిదని అర్థం కాదు. అక్కడికి వేరే మీటరు కావాలి.

గుంటలో ప్రమాదకర వాయువు లేదని అర్హుడైన మనిషి స్వయంగా పరీక్షించి రాసి ఇవ్వాలనీ, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, తాడుకట్టిన బెల్టు ఉండాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి కొత్త కోడ్ వచ్చింది. చట్టం మారిందని గుంటలో గాలి మారలేదు.

మీటరును మళ్ళీ మొదటినుంచి సిద్ధం చేయాలి. అప్పుడు మన సేఫ్టీ కమిటీ సభ్యుడు పక్కన నిలబడాలి, చూసిన అంకెలు రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ఇదే కోరుతూ మేనేజరు గారికి లేఖ ఇచ్చాం. అది జరిగేదాకా ఎవరు దిగమన్నా షిఫ్టు ప్రతినిధికి కబురు చేసి గట్టు మీదనే ఉండండి.