అంగిలి వైపు ఒక చూపు

చంటిపాప పాలు సరిగా తాగకపోతే మన ఇళ్లలో మొదటి మాట తల్లి మీదే పడుతుంది. పాలు చాలడం లేదంటారు, పట్టడం చేతకాదంటారు. పాప నోట్లోకి తొంగి చూసేవాళ్లు తక్కువ. చూస్తే, కొందరి అంగిలి ఇరుకుగా, గుడి గోపురం లోపలిలా పైకి లేచి కనిపిస్తుంది.

అంగిలి ఎత్తుగా ఉన్నంత మాత్రాన జబ్బు అనుకోనక్కరలేదు. దానికి చిన్న దవడ, మెడ వెనక వదులు చర్మం, పుట్టినప్పుడు చేతుల మీద, పాదాల మీద వాపు తోడైతే మాత్రం టర్నర్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. ఓక్లహోమా వైద్యుడు హెన్రీ టర్నర్ 1938లో వర్ణించిన స్థితి ఇది. రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో కొంతో లేకపోవడమే కారణమని 1959లో తేలింది. సుమారు రెండు వేల నుంచి రెండున్నర వేల మంది ఆడశిశువుల్లో ఒకరికి ఉంటుంది. ఇందులో తల్లి తప్పు లేదు, తండ్రి తప్పూ లేదు.

నన్ను కదిలించేది ఆ పిల్లల పలువరుస. ఒళ్లు ఎదగడానికి తడబడుతుంటే పళ్లు తొందరపడతాయి. ఆరేళ్లకు రావలసిన దవడ పళ్లు చాలామందిలో ముందే వచ్చేస్తాయి. పైదవడ ఇరుకు కాబట్టి పక్క పళ్లు కింది పళ్లకు లోపలివైపు పడతాయి. పంటి పైపూత పలచన. ఆ ఎనామిల్‌ను తయారుచేసే జన్యువుల్లో ఒకటి ఎక్స్ మీదే ఉంది మరి! పంటి వేళ్లు పొట్టివి, అందుకే క్లిప్పులు వేసే డాక్టరు ముందుగా ఎక్స్‌రే తీసి, మెల్లగా లాగాలి. కొందరికి గుండె కవాటంలోనూ లోపముంటుంది. పన్ను తీయించే ముందు ఆ సంగతి చెప్పి తీరాలి.

ఇంతా చేసి, చాలామంది విషయంలో ఇది బయటపడేది పద్నాలుగో పదిహేనో ఏట, ‘ఇంకా పెద్దమనిషి కాలేదేమిటి’ అని చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగాక. అప్పటికి ఎత్తు పెరగడానికి హార్మోను ఇంజెక్షన్లు బాగా పనిచేసే ఏళ్లు చాలావరకు గడిచిపోతాయి. రక్త పరీక్షతో క్రోమోజోములు చూస్తే తెలిసిపోయే విషయానికి ఆ పిల్ల అన్నేళ్లు బడిలో ముందు వరసలో నిలబడి, పొట్టిదన్న పిలుపు మోసింది.

పుచ్చిపోయిన పన్నుకని వచ్చిన పిల్ల నోట్లో పంటి డాక్టరు చిన్న అద్దం పెడతాడు. పన్నుతో పాటు అంగిలినీ ఒక్క క్షణం చూసి, పక్కనే నిలబడ్డ తల్లి వైపు తిరిగి, “పాప ఎత్తు ఎప్పుడైనా కొలిపించారా అమ్మా?” అని అడిగితే చాలు.