ప్రమాదంలో పడిన మనిషిని లేవనెత్తే ముందు

కార్ల పందాలకూ, ఆరోగ్యానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఒక పందెంలో జరిగిన ప్రమాదం గురించి చెబుతాను. రేపు మీ వీధి మలుపులో స్కూటరు పడిపోయినప్పుడు మీకు పనికివచ్చే పాఠం అందులో వుంది.

చైనా దక్షిణ తీరాన, హాంకాంగుకు దగ్గరలో మకావ్ అనే పట్నం వుంది. 1954లో అక్కడ ఊరి వీధులనే మూసి కార్ల పందాలు మొదలుపెట్టారు. గురువారం నుంచి ఆదివారం దాకా సందడి. మొదట సాధన, తర్వాత ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు, శనివారం ఒక పందెం, ఆదివారం అసలు పందెం. చుట్టు పొడవు 6 కిలోమీటర్ల పైచిలుకు. ఒకవైపు సముద్రం పక్కన తిన్నని రోడ్డు, మరొకవైపు కొండ మీది ఇరుకు వీధులు. ఒక మలుపు దగ్గర రోడ్డు వెడల్పు 7 మీటర్లే! 1983లో ఇక్కడ ఫార్ములా 3 అనే ఒంటిసీటు కార్ల పందెం పెట్టారు. పెద్ద పందాలకు ఎదగాలనుకునే కుర్రకారు నడిపేవి ఇవి. మొదటి ఏడు గెలిచినవాడు అయిర్టన్ సెన్నా.

2018 నవంబరు 18, ఆదివారం. జర్మనీకి చెందిన సోఫియా ఫ్లోర్ష్ అనే పదిహేడేళ్ల అమ్మాయి కారు గంటకు 276 కిలోమీటర్ల వేగంతో లిస్బోవా మలుపు వైపు పోతోంది. ముందున్న కారుకు తగిలి చక్రం వూడింది. అదుపు తప్పిన కారు వెనక్కు తిరిగి జారుతూ గాలిలోకి లేచింది. మరొక కారును రాసుకుంటూ కంచెను చీల్చుకుని అవతలనున్న ఫోటోగ్రాఫర్ల గూడును ఢీకొట్టింది. మొత్తం ఐదుగురికి దెబ్బలు తగిలాయి. ఆ అమ్మాయికి తెలివి తప్పలేదు. కాని మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. మర్నాడు డాక్టర్లు దాదాపు 11 గంటలు ఆపరేషన్ చేశారు. కాళ్లూ చేతులూ పడిపోలేదు. సరిగ్గా ఏడాదికి, 2019 నవంబరులో, అదే మకావ్‌లో ఆమె మళ్లీ పందెంలో కారు నడిపింది.

విరిగిన మెడతో మనిషి ఎలా బాగుపడిందని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఇక్కడొక సంగతి గ్రహించాలి. మెడలో ఏడు పూసలున్నాయి. వాటి మధ్య సొరంగంలో చిటికెనవేలంత లావున వెన్నుపాము వుంటుంది. మెదడు నుంచి కాళ్లకూ చేతులకూ పోయే ఆజ్ఞలన్నీ దానిగుండానే పోవాలి. పూస విరిగినంత మాత్రాన కాళ్లు పడిపోవు. వెన్నుపాము నలిగితే పడిపోతాయి. మెడ పైభాగాన నలిగితే వూపిరే ఆగవచ్చు. కొందరికి దెబ్బ తగిలిన క్షణంలోనే ఆ నష్టం జరిగిపోతుంది. దానికి ఎవరూ చేయగలిగింది లేదు. కాని మరికొందరికి పూస మాత్రమే విరిగి, పాము క్షేమంగా వుంటుంది. అటువంటి మనిషిని తల వాల్చి, నడుము వంచి ఎత్తితే విరిగిన ముక్క కదిలి పాముకు గుచ్చుకోవచ్చు. మొదటి దెబ్బ రోడ్డుది, రెండో దెబ్బ మనది!

అందుకే పందెపు మైదానంలో నిప్పు అంటుకుంటే తప్ప డ్రైవరును గబుక్కున బయటికి లాగరు. ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకుంటారు. మెడకు పట్టా వేస్తారు. నలుగురైదుగురు ఒకే మాట మీద, ఒకేసారి పలక మీదికి చేరుస్తారు. చూసేవారికి అది ఆలస్యంగా తోస్తుంది. అది ఆలస్యం కాదు, చికిత్సలో మొదటి మెట్టు.

మన రోడ్ల మీద ఏం జరుగుతోంది? ఇద్దరు చేతులు పట్టుకుంటారు, ఇద్దరు కాళ్లు పట్టుకుంటారు. తల వేలాడుతూ వుంటుంది. ఆటోలో మడిచి కూర్చోబెడతారు. సాయం చేయాలన్న మంచి మనసే అదంతా. ఆ మనసుకు కాస్త పద్ధతి తోడైతే చాలు. ఇవి గుర్తుంచుకోండి:

1. ముందు వచ్చే బండ్లను ఆపించండి. 108కి ఫోన్ చేయించండి.

2. పడిన మనిషిని పలకరించండి. లేవవద్దని, తల తిప్పవద్దని చెప్పండి. మెడనొప్పి, వేళ్లలో తిమ్మిరి, కాళ్లు కదపలేకపోవటం, స్పృహ లేకపోవటం, వీటిలో ఏ ఒక్కటి వున్నా మెడ విరిగిందనే అనుకోవాలి. లేచి నడిచినంత మాత్రాన మెడ క్షేమమని చెప్పలేం.

3. తల దగ్గర కూర్చుని, రెండు చేతులతో తలను వున్నచోటనే కదలకుండా పట్టుకోండి.

4. వూపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ తీయవద్దు. ముందున్న అద్దం పైకెత్తితే చాలు. వూపిరికి అడ్డమైతేనే, ఒకరు మెడను పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి.

5. వాంతి అయితే తల, మెడ, నడుము ఒకే వరుసలో వుండేట్టు, దుంగను దొర్లించినట్లు ముగ్గురు నలుగురు కలిసి పక్కకు తిప్పండి.

6. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్లు, సోడా, కాఫీ ఏవీ తాగించవద్దు.

7. మంట, నీళ్లలో మునగటం వంటి అపాయం వుంటే మాత్రం వెంటనే తప్పించాలి. వూపిరి ఆగితే ఛాతీ మీద నొక్కటం మొదలుపెట్టాలి. ప్రాణం ముందు, మెడ తర్వాత.

8. ఎంతకూ అంబులెన్సు రాకపోతే వెడల్పాటి బల్ల మీదనో, తలుపు చెక్క మీదనో వెల్లకిలా పడుకోబెట్టి, మెడకు రెండు వైపులా చుట్టిన తువ్వాళ్లు దన్ను పెట్టి తీసుకుపోండి.

పోలీసులు, కోర్టులు అని భయపడకండి. సాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేర్చారు. మీ పేరు చెప్పమని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. 2024లో చెన్నై వీధుల్లో కుర్రవాళ్ల ఫార్ములా 4 కార్లు పరుగెత్తాయి. మీ పిల్లలు కూడా వాటిని చూసి మురిసిపోయి వుంటారు. ఆ వేగాన్ని చూసి ముచ్చటపడే పిల్లలకు ఆ డ్రైవర్లు ఒంటి నిండా బిగించుకునే బెల్టులను, తల వూగిపోకుండా హెల్మెట్‌ను భుజాల మీది కాడికి కట్టుకునే పట్టీలను కూడా చూపించండి. తర్వాత మీ ఇంట్లో స్కూటరు తీసేవారి హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి వుందో లేదో ఒకసారి చూడండి.