రోగానికి రేషను కార్డా?

ఉచితంగా మందులివ్వడం తప్పు కాదట, అర్హులకే ఇవ్వాలట. మా కళాశాలలో ఒక మిత్రుడు ఈ మాట అన్నాడు. పత్రికల్లోనూ విజ్ఞులు ఇదే రాస్తున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ అర్హతను దేనితో కొలుస్తారని అడిగినప్పుడే దీని అసలు రంగు బయటపడుతుంది.

పురానాపూల్ వంతెన మీద కూరగాయలు అమ్ముకునే స్త్రీకి రక్తపోటు ఉందనుకోండి. రోజూ మాత్ర వేసుకోవాలి. ఇ.ఎస్.ఐ. ఆమెకు వర్తించదు. దానికి యజమాని ఉండాలి, జీతం ఉండాలి, ఆ జీతం మామూలుగా నెలకు 21,000 రూపాయలు దాటకూడదు. యజమాని లేని మనిషి చేసే శ్రమ శ్రమే కానట్టు లెక్క! కేంద్ర ప్రభుత్వపు పెద్ద అధికారికి మాత్రం ఉద్యోగంలోనూ, పింఛనులోనూ డిస్పెన్సరీ మందులిస్తుంది. ఆయనను ‘ఉచితాలకు అలవాటు పడ్డాడు’ అని ఎవరూ అనరు. చందా కడుతున్నాడు కదా అంటారు. ఈమె కొనే సబ్బుబిళ్ల మీద పన్ను కట్టడం లేదా?

ఇక 2007లో తెల్లకార్డు ప్రాతిపదికగా మొదలైన ఆరోగ్యశ్రీ. దాన్ని తేలిక చేయను. ఎందరి ప్రాణాలో నిలిపింది. కాని అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికోసం పెట్టిన పథకం. రోజువారీ మాత్ర అందులో రాదు. కొనలేక మాత్ర మానేసి, కొన్నేళ్లకు మూత్రపిండాలు చెడితే, అప్పుడు డయాలసిస్‌కు ఆమె అర్హురాలు! ఖర్చు ఎక్కడిదని అడిగే పెద్దలు ఈ లెక్క ఎందుకు వేయరో నాకు బోధపడదు.

చెల్లించుకోలేని కారణాన ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వాస్పత్రికి వచ్చిన రోగులకు, కార్డుతో పని లేకుండా, నిర్ణీత పట్టికలోని మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కట్టుపళ్లకూ కళ్లద్దాలకూ రుసుము పెట్టారని బ్రిటన్‌లో బెవాన్ 1951లో మంత్రిపదవే వదులుకున్నాడు. మన మంత్రుల నుంచి అంత ఆశించను లెండి.

మన నగరంలో 2018 నుంచి వెలసిన బస్తీ దవాఖానాలు కార్డుతో నిమిత్తం లేకుండా రోగిని చూస్తాయి. సరైన దారి అదే. అయితే మందు నిండుకున్ననాడు చీటీ చేతికిచ్చి బయట కొనుక్కోమంటే, తొలగిన అర్హత మళ్లీ జేబు రూపంలో వచ్చి నిలబడుతుంది. ఈ రోజు ఏ మందు ఉన్నదీ, ఏది లేనిదీ ప్రతి దవాఖానా గోడ మీదా రాయాలి. లేనిదాని ఖరీదు ఆ చీటీ రాయించిన ప్రభుత్వమే చెల్లించాలి.