ఆ పూటకు సరిపడా వెలుగు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మన ఊళ్లలో ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. బడుల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్ కేకులు కోసేస్తారు. క్యారల్స్ బృందాలు రాత్రిపూట గడప గడపకూ వస్తాయి. పండగ రాకముందే పండగ చేసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కేథలిక్, సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. అవి వేడుకకు కాదు, ఎదురుచూడడానికి పెట్టుకున్న రోజులు.

ఆ ఆదివారాల్లో చర్చిల్లో వారానికొకటి చొప్పున కొవ్వొత్తి వెలిగించే ఆనవాయితీకి మూలం జర్మనీలో ఉందంటారు. హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. పండగ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ వేధిస్తుంటే, 1839లో ఆయన ఒక పాత బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించాడట. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. పండగను ముందుకు జరపడం ఆయన వల్ల కాదు. ఆ పూటకు సరిపడా వెలుగు మాత్రం ఇవ్వగలిగాడు. దేవుణ్ని నమ్ముకుని ఎదురుచూసేవాళ్లకు దొరికేదీ చాలాసార్లు అంతే.

లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాల నిండా ఎదురుచూసేవాళ్లే. విశేషమేమంటే, వాళ్లెవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బిడ్డ కోసం చూసి చూసి వయసు మళ్లిన జెకర్యాకు, తన వంతు వచ్చి ఆలయంలో ధూపం వేస్తుండగా కబురు అందింది. గొల్లలకు రాత్రివేళ మందకు కాపలా కాస్తుండగా అందింది. మరియ తన కబురు విన్న వెంటనే కొండసీమలో ఉన్న జెకర్యా భార్య ఎలీసబెతు దగ్గరికి బయల్దేరి, దాదాపు మూడు నెలలు ఆమెకు తోడుగా ఉంది. చేస్తున్న పని మానేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నవాడికి దేవదూత కనిపించిన ఘట్టం ఆ అధ్యాయాల్లో ఎక్కడా లేదు.

అందరిలోకీ ఆలోచింపజేసేవాడు సుమెయోను. జాతి విడుదల కోసం ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఆ పెద్దాయన చేతికి చివరికి అందింది నెలన్నరైనా నిండని పసిబిడ్డ యేసు. తెచ్చినవాళ్లు గొర్రెపిల్లను అర్పించే స్తోమత లేక పక్షుల జతను అర్పించిన పేదలు. యెరూషలేము మీద రోమా పెత్తనం రవ్వంతైనా సడల్లేదు. అయినా, తాను చూడవలసింది చూశానని, ఇక నిశ్చింతగా వెళ్లిపోతానని అన్నాడు. ఆ తల్లి గుండెలో ఖడ్గం దూసుకుపోయే రోజు ఉందన్న సంగతినీ దాచలేదు. కోరింది కోరినట్టు జరగడమే నమ్మకానికి ప్రతిఫలమైతే సుమెయోనుకు దక్కింది శూన్యం. ముగింపు తన కళ్లతో చూడకపోయినా, మొదలుపెట్టినవాడు మధ్యలో వదిలెయ్యడన్న భరోసాతో ఆయన తృప్తిపడ్డాడు.

మన మెదక్ చర్చి కథలోనూ ఇలాంటి ఎదురుచూపే ఉంది. 1914లో నిర్మాణం మొదలైంది. కరువు కాలంలో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆకలితో ఉన్న జనానికి అక్కడ పని చూపించి తిండి పెట్టాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ల తర్వాత, 1924 డిసెంబర్ 25న, ఆ మందిరాన్ని ప్రతిష్ఠించారు. వాన కోసం చూసిన ఆ కూలీలకు ముందుగా అందింది వాన కాదు, మోయడానికి రాళ్లు, ఆ పూటకు కూడు. కరువు దాటడానికి అవే ఆసరా అయ్యాయి.

ఈ డిసెంబర్‌లోనూ మన చుట్టూ ఎదురుచూసేవాళ్లకు కొదవ లేదు. నోటిఫికేషన్ కోసం చూసే నిరుద్యోగులు, గల్ఫ్ నుంచి రావలసిన మనిషి కోసం చూసే ఇల్లాళ్లు, ఆస్పత్రి వరండాలో రిపోర్టు కోసం చూసే కొడుకులు, కూతుళ్లు. వాళ్లతో ‘దేవుడున్నాడులే’ అనడం తేలిక. ఆ మాట నిజమని నమ్మేవాళ్లు అంతటితో ఆగరు, మరియలాగా వెళ్లి పక్కన నిలబడతారు. కేకు పంచడానికి ఎలాగూ నాలుగిళ్లకు వెళ్తాం. అందులో ఒకటి అలాంటి ఇల్లయ్యేలా చూసుకుందాం. కాస్త తీరిక చేసుకుని కూర్చుని, వాళ్లు చెప్పేది విందాం.