ఇన్వెస్టర్ల వీడియోలో కార్మికుడి లెక్క ఏదీ?

నిర్మాణ కంపెనీలకు ఈమధ్య సస్టెయినబిలిటీ అనే మాట బాగా పట్టుకుంది. ఏ కంపెనీ వెబ్‌సైట్ తెరిచినా చెట్లు, సోలార్ పలకలు, కొత్త హెల్మెట్లు పెట్టుకుని నవ్వే కార్మికులు. చైర్మన్ గారి వీడియో సందేశం, లింక్డ్‌ఇన్‌లో పోస్టులు, ఇన్వెస్టర్లతో ఆన్‌లైన్ సమావేశాలు. డబ్బు పెట్టేవాళ్లకి నమ్మకం కలిగించడానికే ఇదంతా. తప్పు లేదు. కానీ వీడియో తీసేరోజు కనిపించే సైటు వేరు, మిగతా రోజుల సైటు వేరని గల్ఫ్‌లో పనిచేసే మనందరికీ తెలుసు.

అందుకే వీడియో కన్నా లెక్కలు చూడాలి. మన సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్ఎస్ఆర్ అనే నివేదికను తప్పనిసరి చేసింది. కరెంటు, నీళ్లు, పొగ లెక్కలతోపాటు పనిలో ఎందరు చనిపోయారు, ఎందరికి తీవ్ర గాయాలయ్యాయి, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి అన్నదీ అందులో చెప్పాలి. పని మానుకునేంత గాయాలు పది లక్షల పనిగంటలకి ఎన్ని అన్నదీ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోనో, స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లోనో ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

చదివేటప్పుడు రెండు చోట్ల ఆగి చూడండి. మొదటిది, నివేదిక స్టాండలోనా, కన్సాలిడేటెడా అన్నది. స్టాండలోన్ అంటే మాతృసంస్థ వరకే. దుబాయ్‌లోనో దోహాలోనో అనుబంధ కంపెనీ పేరు మీద పని నడిస్తే, అక్కడ పడిపోయిన మనిషి ఆ లెక్కలోకి రాడు. రెండోది, గాయాల దగ్గర సున్నా. వేలమంది పనిచేసే చోట ఏడాదంతా సున్నా అంటే సంతోషించే ముందు అనుమానించాలి. కాలు విరిగినవాణ్ణి క్యాంపు గదిలో పడుకోబెట్టి హాజరు వేస్తే రికార్డులో సున్నాయే వస్తుంది. ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. రేపు అదే పరంజా మీంచి ఇంకొకడు పడతాడు, పని ఆగుతుంది, కంపెనీ పేరు పోతుంది. అప్పుడు నష్టం ఇన్వెస్టర్‌దీ కదా!

కూలివాడికి షేర్ల గొడవెందుకు అని కొందరంటారు. కానీ మనలో చాలామంది ఊళ్లో స్థలం కొన్నాక మిగిలింది షేర్లలోనే పెడుతున్నారు. ఒక్క షేరున్నా వాటాదారుడే. 2020లో కోవిడ్ వచ్చాక చాలా కంపెనీలు వార్షిక సమావేశాన్ని వీడియోలో పెడుతున్నాయి. నోటీసు ఈమెయిల్‌కి వస్తుంది. మాట్లాడాలనుకుంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి, ప్రశ్నను ముందుగా రాసి కూడా పంపొచ్చు. ఓటు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. శుక్రవారం సెలవైనా, రాత్రి షిఫ్టయినా ఓటింగ్ కొన్నిరోజులు తెరిచే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్నలు పెద్దవేం కానక్కర్లేదు. గల్ఫ్ సైట్ల ప్రమాదాలు ఈ లెక్కలో ఉన్నాయా? సబ్‌కాంట్రాక్టర్ల మనుషుల్ని కలిపారా? యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న రూలు మీ సైట్లన్నిటిలో అమలైందా? జీతం ఎన్నోతారీకున పడుతోంది?

పనిచేసే కంపెనీనే అడిగితే ఉద్యోగానికి ఇబ్బంది అన్న భయం ఉంటే, షేర్లున్న బంధువులెవరైనా ఊరి నుంచి అడగొచ్చు. వేరే కంపెనీవాళ్లని మీరు అడగండి, మీ కంపెనీని వేరేవాళ్లు అడుగుతారు.

కంపెనీలకూ ఒక మాట. ఇన్వెస్టర్లతో మాట్లాడ్డానికి ఇంత ఖర్చుపెట్టి కెమెరాలు పెట్టారు. మాట అటునుంచి ఇటు రావడమే కాదు, ఇటునుంచి అటూ వెళ్లాలి. చెట్లు నాటిన ఫొటో పక్కనే సైటువారీగా గాయాల లెక్క, జీతాలు పడిన తేదీ పెట్టండి. అది చూసి డబ్బు పెట్టేవాడే పదేళ్లు మీతో ఉంటాడు.