దగ్గే కుక్కకు మందుల దుకాణం దిక్కు కాదు

పెంపుడు కుక్క దగ్గితే మన ఇళ్ళలో మూడు పనులు వరుసగా జరుగుతున్నాయి. మొదట, గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో వేళ్ళు పెట్టి వెతుకుతారు. తరవాత, పిల్లలకు వాడగా మిగిలిన దగ్గుమందు ఒక చెంచాడు పోస్తారు. అప్పటికీ తగ్గకపోతే మెడికల్ షాపుకు వెళ్ళి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి పెరుగన్నంలో కలిపి పెడతారు. ఈ మూడూ ప్రేమతో చేస్తున్న పనులే. మూడూ తప్పు పనులే. మొదటిది మనిషికి ప్రమాదం, రెండవది కుక్కకు ప్రమాదం, మూడవది ఊరందరికీ ప్రమాదం.

నేను మనుషుల వైద్యుణ్ణి, పశువైద్యుణ్ణి కాను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. వీధిలో విశ్రాంత వైద్యుడు ఒకడు ఉన్నాడంటే, ‘డాక్టరు గారూ, మా వాడికి కూడా ఏదైనా రాసివ్వండి’ అని కుక్కను చూపించేవారు తప్పక ఉంటారు. నేను రాయను. జంతువులకు వైద్యం చేసే అధికారం నమోదైన పశువైద్యులదే అని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెబుతున్నది. ఆ చట్టం లేకపోయినా రాయను. కుక్క దేహం చిన్న సైజు మనిషి దేహం కాదు. కానీ యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం గురించీ, టీకాల గురించీ మాట్లాడడం మనుషుల వైద్యుడికి కూడా విధి. ఈ వ్యాసం ఆ మేరకే.

ఇంతకీ ఇది ఏ దగ్గు?

బోర్డింగ్‌లో పది రోజులు ఉండి వచ్చిన కుక్క, ఇంటికి చేరిన నాలుగైదు రోజులకు పొడిగా, గట్టిగా, బాతు అరిచినట్టు దగ్గడం మొదలుపెడుతుంది. దగ్గు చివర ఓకరించి తెల్లని నురగ కక్కుతుంది. తిండి తింటుంది, తోక ఊపుతుంది, ఆడుకుంటుంది. మెడపట్టీ లాగితే మాత్రం మళ్ళీ దగ్గుతుంది. ఇంగ్లీషులో దీనిని ‘కెన్నెల్ కాఫ్’ అంటారు. కుక్కలు గుంపుగా ఉండేచోట తుంపరల ద్వారా, ఉమ్మడి నీళ్ళ గిన్నెల ద్వారా అంటుకొనే దగ్గు కనుక ఆ పేరు వచ్చింది. సూక్ష్మజీవి సోకిన తరవాత లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. అందుకే తెచ్చిన రోజున బాగున్న కుక్క తరవాత దగ్గితే మనవాళ్ళు ఏసీ గాలినీ ఐస్‌క్రీమునూ నిందిస్తారు.

దీనికి కారణం ఒక్క సూక్ష్మజీవి కాదు. పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్ రెండవ రకం వంటి వైరస్‌లూ, బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా, మైకోప్లాస్మా మొదలైనవీ విడివిడిగానో జంటగానో శ్వాసనాళాన్ని పట్టుకుంటాయి. వీటిలో బోర్డెటెల్లా మనకు పరాయిది కాదు. పసిపిల్లలను పీడించిన కోరింత దగ్గుకు కారణమైన బాక్టీరియాకు ఇది దగ్గరి దాయాది. కోరింత దగ్గు బాక్టీరియాను 1906లో వేరుచేసి చూపిన జూల్ బోర్డె పేరునే ఈ జాతి అంతటికీ పెట్టారు. ఆయనకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కోరింత దగ్గు మన పల్లెల్లో తగ్గింది మందుల సీసాలవల్ల కాదు, టీకాలవల్ల. కుక్కల దగ్గుకూ అదే నీతి వర్తిస్తుంది.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దంటున్నాను

పెద్దవయసు కుక్క ఆరోగ్యంగా ఉండి, తింటూ, హుషారుగా తిరుగుతూ దగ్గుతున్నదంటే చాలా సందర్భాల్లో ఆ దగ్గు ఒకటి నుంచి మూడు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. పెంపుడు జంతువుల అంటువ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. జ్వరం, నీరసం, తిండి మానడం లేని కుక్కకు మొదటి పది రోజులూ యాంటీబయాటిక్ లేకుండా గమనిస్తూ ఉండమన్నాయి. అవసరం పడితే తొలి ఎంపికగా డాక్సీసైక్లిన్‌ను సూచించాయి. ఆ అవసరాన్ని నిర్ణయించవలసింది పశువైద్యుడు.

మన మెడికల్ షాపుల్లో కౌంటరు మీదుగా చేతికి వచ్చేవి ఏమిటి? అమాక్సిసిల్లిన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్. వైరస్‌మీద ఇవేవీ పనిచేయవు. బోర్డెటెల్లా కూడా పెన్సిలిన్ జాతి మందులకూ, సెఫలోస్పోరిన్‌లకూ తరచుగా లొంగదు. మరి కుక్కకు నయమైంది కదా అంటారు. ఎనిమిదో రోజున తగ్గవలసిన దగ్గు ఎనిమిదో రోజునే తగ్గింది. కీర్తి మాత్రకు దక్కింది. మళ్ళీ దగ్గు వచ్చినప్పుడు అదే మాత్ర, పక్కింటి కుక్కకూ అదే మాత్ర.

ఈ లోపల ఆ కుక్క పేగుల్లో ఉన్న కోట్లాది బాక్టీరియాలో మందుకు లొంగనివి మాత్రమే మిగిలి వృద్ధి చెందుతాయి. ఆ కుక్క మన పిల్లల ముఖం నాకుతుంది, మన మంచంపై పడుకుంటుంది. నిరోధకత పెంచుకొన్న బాక్టీరియాకు మనిషి, జంతువు అన్న భేదం లేదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్ చెబుతున్న మందులు ఇవి. 2014 నుంచి కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లకు షెడ్యూల్ హెచ్1 కింద మరింత కట్టుదిట్టమైన నియమాలు వచ్చాయి. నియమం పుస్తకంలో ఉంది. మాత్ర మాత్రం పెరుగన్నంలో ఉంది.

‘ఎదురుచూస్తే నిమోనియా అయితే?’ అన్న ప్రశ్న సమంజసమైనదే. కొన్ని కుక్కలకు అవుతుంది కూడా. కానీ ఎదురుచూడడం అంటే పట్టించుకోకపోవడం కాదు. గమనించడం తెలిసినవాడు నిమోనియాను సకాలంలో పట్టుకుంటాడు. తప్పు మాత్ర మింగించి నిశ్చింతగా ఉన్నవాడే దానిని ఆలస్యంగా గుర్తిస్తాడు.

మన మందు, దాని విషం

కుక్క చెవి పట్టుకొని ‘ఒళ్ళు కాలిపోతోంది’ అనేవారు ఎందరో. కుక్కకు సహజంగా ఉండే ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరం అనిపించేది దానికి ఆరోగ్యం. లేని జ్వరానికి పారాసెటమాల్ ఇస్తే కుక్క కాలేయం దెబ్బతినవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు చెడిపోవచ్చు. చక్కెర లేని కొన్ని సిరప్‌లలో తీపికోసం కలిపే జైలిటాల్ కుక్క రక్తంలోని చక్కెరను ప్రాణాంతకంగా పడగొడుతుంది. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్ గుండెను అదుపు తప్పిస్తుంది. మనకు మేలుచేసే మందు మరొక ప్రాణికి ఏమి చేయగలదో ఈ దేశం ఒకసారి చూసింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల జాతినే తుడిచిపెట్టబోతే, 2006లో పశువైద్యంలో దానిని నిషేధించవలసి వచ్చింది.

వంటింటి వైద్యమూ నిరపాయం కాదు. ఉల్లి, వెల్లుల్లి రసాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగులగొడతాయి. నీలగిరి తైలం, బామ్‌లు కుక్క నాకితే విషమే. ‘సహజమైనది కనుక మంచిది’ అన్న సూత్రం మనుషులకే సరిపోదు, ఇక కుక్కలకు ఏమి సరిపోతుంది?

నోట్లో వేళ్ళు పెట్టే అలవాటు సంగతి. రేబిస్ సోకిన కుక్క కూడా మింగలేక, గొంతులో ఏదో అడ్డుపడినట్టు కనిపిస్తుంది, నోట నురగ కారుస్తుంది. రేబిస్ టీకా సక్రమంగా పడని కుక్క విషయంలో ఎముక వెతకబోయినవాడు తన ప్రాణాన్ని పందెం పెడుతున్నాడు. చెయ్యి పెట్టవద్దు. పశువైద్యుణ్ణి చూడనివ్వండి.

మరి ఇంట్లో చేయవలసింది ఏమిటి?

విశ్రాంతి, తేమ, ఏకాంతం. మందుల పెట్టె కంటే ఈ మూడూ ఎక్కువ మేలు చేస్తాయి.

పరుగులు, బంతాటలు రెండు వారాలు మానిపించండి. మెడపట్టీ తీసి ఛాతీకి వేసే పట్టీ వాడండి. శ్వాసనాళంపై ఒత్తిడి తగ్గితే దగ్గు సగం తగ్గుతుంది. స్నానాలగదిలో వేడినీళ్ళ కుళాయి తిప్పి, తలుపు మూసి, ఆ ఆవిరిలో కుక్కతో పాటు మీరూ పది పదిహేను నిమిషాలు కూర్చోండి. మరుగుతున్న గిన్నెపై దాని ముఖం వంచకండి. ముక్కు పొట్టిగా ఉండే పగ్ వంటి జాతులకు ఉక్కపోత పడదు కనుక వాటి విషయంలో ముందు పశువైద్యుణ్ణి అడగండి. మెత్తని తిండి, శుభ్రమైన నీరు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, సిగరెట్టు పొగలు ఆ గదిలోకి రానివ్వకండి.

దగ్గు పూర్తిగా తగ్గిన తరవాత కూడా మరో రెండు వారాలు ఇతర కుక్కలతో కలవనివ్వకండి. బోర్డెటెల్లాను కొన్ని కుక్కలు మూడు నెలల దాకా వెదజల్లుతాయి. ఇంట్లో కీమోథెరపీ పొందుతున్నవారో, అవయవ మార్పిడి అయినవారో ఉంటే ఆ కుక్కకు దూరంగా ఉండడం మంచిది. మనుషులకు ఇది సోకడం అరుదే, కానీ రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిలో సోకిన దాఖలాలు ఉన్నాయి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటివైద్యం ఆపి అదేరోజు పశువైద్యుడి దగ్గరకు వెళ్ళాలి: తిండి మానడం, నీరసంగా పడి ఉండడం, 103 డిగ్రీలు దాటిన జ్వరం, ముక్కునుంచి పచ్చని చీమిడి, నిద్రలో నిమిషానికి 30కి మించి శ్వాసలు, చిగుళ్ళు నీలిరంగుకు తిరగడం. కూనలనూ, ముసలి కుక్కలనూ, పగ్ వంటి జాతులనూ దగ్గు మొదలైన రోజే చూపించాలి. ముసలి పొమరేనియన్ దగ్గుకు గుండెజబ్బో, శ్వాసనాళం కుంచించుకుపోవడమో కారణం కావచ్చు. కళ్ళ పుసి, విరేచనాలు, కండరాల అదురు తోడైతే డిస్టెంపర్‌ను అనుమానించాలి. 1910 ప్రాంతంలో అమెరికాలో ఫెర్రీ అనే శాస్త్రజ్ఞుడు డిస్టెంపర్ కుక్కల్లో బోర్డెటెల్లాను చూసి, డిస్టెంపర్‌కు కారణం ఇదేనని పొరబడ్డాడు. సూక్ష్మదర్శిని పట్టినవాడే పొరబడిన చోట, కౌంటరు వెనక నిలబడినవాడు దగ్గు వర్ణన విని రోగనిర్ణయం చేయగలడా?

శంషాబాద్ వారికి పశువైద్యం దుర్లభమేమీ కాదు. నగరానికి వెళ్ళే దారిలోనే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది.

క్లోక్‌రూమ్‌లో పెట్టెలా?

ఇక అసలు వేరు దగ్గరకు వద్దాం. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం ప్రారంభమైంది. అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో నెలల తరబడి వెళ్ళే తల్లిదండ్రులకు అదే గుమ్మం. వెళ్ళేవారు వెళతారు, ఇంట్లో కుక్క ఉంటుంది. దానిని ఎవరికో అప్పగించక తప్పదు. సంక్రాంతికీ, దసరాకూ, వేసవి సెలవులకూ ఇదే కథ. వీసాకు ఆరు నెలల ముందు కాగితాలు సిద్ధం చేసుకొనేవారు, కుక్క టీకా పుస్తకాన్ని ప్రయాణం రోజున కారులో కూర్చుని వెతుకుతారు. అది దొరకకపోయినా కుక్కను చేర్చుకొనే చోటు దొరుకుతుంది. ఆ చోటే నా అభ్యంతరానికి మూలం.

ఏటా వేసే ‘సెవెన్ ఇన్ వన్’ టీకాతో అన్నీ అయిపోయాయని చాలామంది నమ్మకం. అందులో పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్‌లకు రక్షణ ఉంటుంది కానీ బోర్డెటెల్లాకు ఉండదు. దానికి వేరే టీకా ఉంది. ముక్కులో చుక్కలుగా వేసేది ఒకటి, సూదిగా ఇచ్చేది ఒకటి. చుక్కల టీకాతో కొద్ది రోజుల్లోనే బోర్డెటెల్లానుంచి రక్షణ మొదలవుతుంది. సూది టీకా మొదటిసారైతే కొన్ని వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి. ప్రయాణం రోజు ఉదయం వేయించి సాయంత్రం బోర్డింగ్‌లో దించితే ఏదీ పనిచేయదు. మరొక్క విషయం: చుక్కల టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ బాక్టీరియా. ఆ సమయంలో యాంటీబయాటిక్ మింగిస్తే టీకాను మనమే చంపినట్టు.

‘టీకా వేయించినా మా కుక్క దగ్గింది’ అంటారు. నిజమే, కారకాలు అనేకం కనుక టీకా వజ్రకవచం కాదు. హెల్మెట్ పెట్టుకొన్నా ప్రమాదం జరగవచ్చు. తల పగలకుండా బయటపడడానికే హెల్మెట్.

బోర్డింగ్ నడిపేవారికి కూడా ఒక మాట. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల్లో పెంపకందారు అన్న నిర్వచనంలోకి బోర్డింగ్ నిర్వాహకులను కూడా చేర్చారు. అంటే ఇది ఎవరి పెరట్లో వారు నడుపుకొనే సొంత వ్యవహారం కాదు. రోజుకు వందల రూపాయలు తీసుకొంటున్నప్పుడు మూడు పనులు చేయండి. టీకా పుస్తకం చూడనిదే గేటు తీయకండి. దగ్గే కుక్కను వేరే గాలి ఆడే వేరే గదిలో ఉంచి, దాని గిన్నెలు వేరుచేసి, అదేరోజు యజమానికి ఫోను చేయండి. ఒక కుక్క దగ్గిందని మిగిలినవాటికి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ పంచకండి.

యజమానులు అడగవలసినది కూడా సులభం. గదులకు ఏసీ ఉందా, కెమెరా ఉందా అని అడుగుతున్నారు. ‘టీకా లేని కుక్కను మీరు చేర్చుకొంటారా?’ అని అడగండి. ‘పరవాలేదు, తీసుకు రండి’ అన్న జవాబు వస్తే, మీ కుక్కను అక్కడినుంచి తీసుకు వచ్చేయండి. మీ కుక్కకు ఇంత సులభంగా తెరుచుకొన్న గేటు, దగ్గే కుక్కకు కూడా అంతే సులభంగా తెరుచుకొని ఉంటుంది.