సెగ పెడితే వణుకు ఆగుతుందా?

వినాయక చవితి పూజలో 21 పత్రుల పేర్లు చదువుతాం కదా, అందులో మొదటిది మాచీపత్రం. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. దానికి దగ్గరి చుట్టం లాంటి మొక్క ఒకటి చైనాలో ఉంది. అక్కడా అది పండగ ఆకే. వాళ్ల క్యాలెండర్ ప్రకారం అయిదో నెల అయిదో రోజున వచ్చే 'దువాన్‌వూ' పండక్కి, మనం మామిడాకులు కట్టినట్టు, గుమ్మాలకు ఆ కొమ్మలు వేలాడదీస్తారు.

పండగ అయిపోయినా ఆ ఆకుతో పని ఉంటుంది. దాన్ని ఎండబెట్టి, దంచి, దూదిలా మెత్తగా చేస్తారు. కాగితంలో పెట్టి చుట్టలా చుట్టి, ఒక కొన అంటించి, ఒంటి మీద ఎంచుకున్న చోట్ల సెగ తగిలేలా దగ్గరగా పట్టుకుంటారు. చర్మం కాస్త ఎర్రబడి వెచ్చబడితే చాలు, కాలనివ్వరు. ఇదే 'మాక్సిబషన్'. చైనా భాషలో ఆక్యుపంక్చర్ వైద్యాన్ని 'జెన్‌-జ్యూ' అంటారు. జెన్ అంటే సూది, జ్యూ అంటే ఈ సెగ. రెండూ తోబుట్టువులన్నమాట. చైనాలోని మావాంగ్‌దుయ్‌లో 1973లో తవ్విన 2 వేల ఏళ్లనాటి సమాధిలో దొరికిన రాతల్లోనూ ఈ సెగ వైద్యం ప్రస్తావన ఉంది. 2010లో యునెస్కో ఈ రెంటినీ కలిపి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత పాత వైద్యాన్ని ఇప్పుడు చైనా పరిశోధకులు పార్కిన్సన్స్ జబ్బు మీద పరీక్షిస్తున్నారు. వణుకు తగ్గుతుందా అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న కాదు. మెదడులో చచ్చిపోతున్న కణాలను ఈ వెచ్చదనం కాపాడగలదా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

లోటు తీరుతుంది... కణం మిగలదు

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు గురించి రాశాడు. మెదడు అడుగు భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు ఉంటాయి. మన కదలికలు సాఫీగా సాగాలంటే అది కావాలి. ఆ కణాలు ఒక్కొక్కటే చనిపోతుంటే చెయ్యి వణుకుతుంది, నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. వణుకు కనబడేనాటికే సగం దాకా కణాలు పోయి ఉంటాయని ఒక అంచనా.

1960ల నుంచి వాడుతున్న లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారి ఆ లోటు తీరుస్తుంది. మంచం పట్టినవాళ్లను సైతం లేపి నడిపించిన మందది. కానీ కణాల చావును ఆపుతుందని రుజువైన మందు మాత్రం నేటికీ ఒక్కటీ లేదు. అందుకే ఎక్కడ చిన్న ఆశ కనబడినా అందరి చూపూ అటే.

ఎలుకల్లో బాగానే ఉంది

రోటినోన్ అనే పురుగుమందు ఎక్కిస్తే ఎలుకల్లో పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వస్తాయి. అలాంటి ఎలుకలకు నడినెత్తిన 'బైహుయ్' లాంటి చోట్ల సెగ పెట్టి చూశారు. సెగ తగలని ఎలుకలతో పోలిస్తే వీటిలో డోపమైన్ కణాలు ఎక్కువ మిగిలాయని ఆ పరిశోధనలు చెబుతున్నాయి. కణం తనలో పేరుకున్న చెత్త ప్రొటీన్లను తానే ఊడ్చుకునే పని చురుగ్గా సాగుతోందని ఒక వివరణ. ఇనుము పోగుపడి కణాలు చనిపోవడం తగ్గుతోందని మరొకటి.

'బాగుపడుతున్నాను' అన్న నమ్మకంతో తేరుకోవడానికి ఎలుకకు సెగ సంగతేం తెలుసు? కాబట్టి ఈ ఫలితాలను కొట్టిపారేయలేం.

మనిషి దగ్గరికొచ్చేసరికి...

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎలుకకు కొద్ది వారాల్లో విషంతో తెప్పించిన జబ్బు, మనిషిలో ఏళ్ల తరబడి చాప కింద నీరులా పాకే జబ్బు ఒకటి కావు. కోఎంజైమ్ క్యూ10 కూడా జంతువుల్లో కణాలను కాపాడినట్టే కనిపించింది. తీరా 600 మంది రోగులకు ఇచ్చి చూస్తే ప్రయోజనం లేదని 2014లో తేలింది. ఎంతో ఆశపెట్టిన క్రియాటిన్ గతీ 2015లో అంతే అయింది.

ఇంకో తిరకాసుంది. కెనడాలోని వాంకోవర్ పరిశోధకులు 2001లో పార్కిన్సన్స్ రోగులకు మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. మందు పడిందన్న ఆశకే వాళ్ల మెదడులో డోపమైన్ విడుదలైంది! అలాంటప్పుడు సెగ పెట్టించుకున్నాక 'ఒళ్లు తేలికైంది' అని పెద్దాయన అన్నారంటే అది అబద్ధం కాదు. కానీ కణాలు బతికాయనడానికి అది రుజువూ కాదు. మాత్రనైతే అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రతో పోల్చవచ్చు. పొగ, వాసన, వెచ్చదనం ఉన్న ఈ వైద్యానికి నకిలీ చేయడం కష్టం. అందుకే గట్టి రుజువు రావడానికి సమయం పడుతోంది.

మరి ఇంట్లో ఏం చేయాలి?

* సెగ వైద్యం చేయించాలనుకుంటే ముందు న్యూరాలజిస్టుకు చెప్పండి. దాన్ని నమ్ముకుని మాత్రలు మాత్రం మానొద్దు. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

* వణికే మనిషికి నిప్పు దగ్గరగా పెట్టడం ప్రమాదం. ఇంట్లో సొంతంగా ప్రయత్నించొద్దు. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ పొగ పడదు.

* క్రమం తప్పని వ్యాయామంతో నడక, నిలకడ మెరుగవుతాయన్నదానికి మంచి ఆధారాలున్నాయి. సాయంత్రం ఆయన్ని ఒక్కరినే పంపకుండా మీరూ వెంట నడవండి.

* 'జబ్బును పూర్తిగా నయం చేస్తాం' అంటూ మాత్రలు మాన్పించి ప్యాకేజీ అంటగట్టేవాళ్లు ఎదురైతే, డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.